కూర్చునే విద్య

పాఠం ఉద్దేశం

యోగమనగానే శరీరాన్ని వింతగా మెలితిప్పే విన్యాసాలు నేటి యువతకు స్ఫురిస్తాయి. కాని ఆసనమనే మాటకు మొదటి అర్థం కూర్చోవడమే. కూర్చొని చేసే ఆసనాల స్వరూపాన్ని, వాటి ప్రయోజనాలను, పరిమితులను, అభ్యాసంలో పాటించవలసిన జాగ్రత్తలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

‘కూర్చొని తింటే కొండలైనా కరుగుతాయి’ అని తెలుగు సామెత. పని చేయకుండా కూర్చోవడాన్ని మన పెద్దలు మెచ్చలేదు. అయితే అదే భాషలో ఇంటికి వచ్చినవారికి పీట వేయడం మర్యాద. విద్వాంసుణ్ణి పీఠం మీద కూర్చోబెట్టడం గౌరవం. సంస్కృతంలోకి వెళితే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. గురువుకు దగ్గరగా కూర్చోవడమనే భావం నుంచి ‘ఉపనిషత్తు’ అనే మాట పుట్టింది. చుట్టూ కూర్చున్నవారి సమూహం ‘పరిషత్తు’. దైవానికి సమీపంగా కూర్చోవడం ‘ఉపాసన’. ఈ ఉపాసనలో ఏ ధాతువు ఉందో ‘ఆసనం’లోనూ అదే ఉంది. ఆ ధాతువుకు అర్థం కూర్చోవడం. కాబట్టి కూర్చోవడం రెండు విధాలని గ్రహించాలి. ఒకటి దేహాన్ని కుంగదీసే కూర్చోవడం. రెండవది దేహాన్ని, మనస్సును నిలబెట్టే కూర్చోవడం. ఈ రెండింటికీ గల భేదాన్ని తెలుసుకోవడమే ఆసనవిద్యకు తొలిమెట్టు.

ప్రాచీనుల దృష్టి

యోగదర్శనాన్ని సూత్రబద్ధం చేసిన పతంజలి మహర్షి యోగానికి ఎనిమిది అంగాలు చెప్పాడు. యమ నియమాల తరవాత మూడవ అంగం ఆసనం. తన గ్రంథంలో ఆయన ఆసనానికి కేటాయించినవి మూడు సూత్రాలు మాత్రమే. కదలిక లేకుండా ఉండాలి, సుఖంగా ఉండాలి అనేవి ఆయన చెప్పిన రెండు లక్షణాలు. ప్రయత్నాన్ని సడలించి, మనస్సును అనంతం మీద నిలిపినప్పుడు ఆసనం సిద్ధిస్తుందని, ఆ తరవాత శీతోష్ణాల వంటి ద్వంద్వాలు సాధకుణ్ణి బాధించవని ఆయన భావం. బలవంతంగా బిగించిన అవయవాలకు ఈ నిర్వచనంలో చోటు లేదు.

పతంజలి ఏ ఆసనాన్నీ పేరు పెట్టి చెప్పలేదు. ఆ సూత్రాలకు భాష్యం రచించిన వ్యాసుడు కొన్ని పేర్లను పేర్కొన్నాడు. పద్మాసనం, వీరాసనం, భద్రాసనం, స్వస్తికం, దండాసనం, సోపాశ్రయం, పర్యంకం మొదలైనవి ఆ పట్టికలో ఉన్నాయి. క్రౌంచపక్షి కూర్చున్నట్లు, ఏనుగు కూర్చున్నట్లు, ఒంటె కూర్చున్నట్లు ఉండే భంగిమలను కూడా ఆయన చేర్చాడు. వీటిలో అధికభాగం కూర్చొని చేసేవే. వీటిలో ‘సోపాశ్రయం’ గమనింపదగినది. ఆధారంతో కూడినదని దాని అర్థం. నడుమును, మోకాళ్లను కలుపుతూ ఒక పట్టీ కట్టుకొని కూర్చోవడం దీని పద్ధతి. ఆ పట్టీకి యోగపట్టమని పేరు. యోగనరసింహ విగ్రహాలలో స్వామి మోకాళ్ల చుట్టూ కనిపించే పట్టీ ఇదే. ఊతం తీసుకొని కూర్చోవడాన్ని ప్రాచీనులు లోపంగా భావించలేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు యోగి కూర్చునే తీరును వివరించాడు. శుచియైన చోట, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాని పీఠం మీద కూర్చోవాలి. శరీరం, మెడ, శిరస్సు ఒకే వరసలో నిటారుగా ఉండాలి. అతిగా తినేవాడికి, అసలే తిననివాడికి, అతిగా నిద్రించేవాడికి, నిద్ర మానినవాడికి యోగం పొసగదని కూడా ఆ అధ్యాయమే హెచ్చరించింది. భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు తన తల్లి దేవహూతికి యోగాన్ని ఉపదేశించాడు. పోతన భాగవతం ద్వారా ఆ ఉపదేశం తెలుగువారికి పరిచితమైంది.

హఠయోగ గ్రంథాలు ఆసనాల సంఖ్యను పెంచాయి. 15వ శతాబ్దికి చెందిన స్వాత్మారాముని ‘హఠయోగ ప్రదీపిక’ 15 ఆసనాలను వర్ణించింది. వాటిలో సిద్ధాసనం, పద్మాసనం, సింహాసనం, భద్రాసనం అనే నాలుగింటిని ముఖ్యమైనవిగా నిర్ణయించింది. ఈ నాలుగూ కూర్చొని చేసేవే. ‘ఘేరండ సంహిత’ 32 ఆసనాలను వివరించింది. నీటిలో పడిన పచ్చికుండ కరిగిపోయినట్లు అపక్వమైన దేహం నశిస్తుందని, దానిని యోగమనే అగ్నిలో కాల్చి గట్టిపరచుకోవాలని ఆ గ్రంథం ఒక చక్కని పోలిక చెప్పింది.

తెలుగునాట యోగులు

యోగసంప్రదాయంతో తెలుగు నేలకు గాఢమైన సంబంధం ఉంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలలో కాళ్లు మడిచి కూర్చున్న బుద్ధమూర్తులు కనిపిస్తాయి. శ్రీశైల మల్లికార్జునాలయ ప్రాకార కుడ్యం మీద విజయనగర కాలం నాటి శిల్పాలలో సిద్ధులు, యోగులు పలు భంగిమలలో దర్శనమిస్తారు. 15వ శతాబ్దికి చెందిన గౌరన ‘నవనాథ చరిత్ర’ను ద్విపద కావ్యంగా రచించాడు. శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠంతో ఆ కావ్యానికి సంబంధం ఉంది. నాథసిద్ధుల కథలను చెప్పే ఆ కావ్యంలోని మత్స్యేంద్రనాథుని పేరు మీదనే ‘మత్స్యేంద్రాసనం’ నేటికీ వ్యవహారంలో ఉంది. ప్రజాకవి వేమన కూడా యోగిగా ప్రసిద్ధుడు. మనస్సు నిలపకుండా పైపై ఆచారాలు పాటించడాన్ని ఆయన పలు పద్యాలలో నిరసించాడు. కాళ్లు మడచినంత మాత్రాన యోగి కాడన్న వివేకం తెలుగువారికి ఆనాడే ఉంది.

గ్రంథాలు చదవని సామాన్యుడు కూడా ఆసనాలను ఎరుగును. బాసింపట్టు వేసుకొని కూర్చోవడం, మఠం వేసుకొని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం వంటి పలుకుబళ్లు ఇందుకు సాక్ష్యం. పంక్తి భోజనంలో విస్తరి ముందు, హరికథ జరిగే పందిట్లో చాప మీద, వీధి బడిలో నేల మీద, తిరగలి ముందు, రోలు ముందు, మగ్గం గుంటలో మనవారు కూర్చున్నారు. నేల మీద కూర్చోవడం, లేవడం వారికి ప్రత్యేకమైన వ్యాయామం కాదు, దినచర్యలో భాగం. బల్లలు, కుర్చీలు, సోఫాలు, భోజనపు బల్లలు వచ్చాక ఆ అలవాటు క్రమంగా సన్నగిల్లింది. నేడు పదహారేళ్ల విద్యార్థి పది నిమిషాలు నేల మీద కూర్చోవడానికి కష్టపడుతున్నాడంటే లోపం అతనిది మాత్రమే కాదు. మారిన జీవన విధానానిది.

కుర్చీ చేసే కీడు

జూనియర్ కళాశాల విద్యార్థి రోజును పరిశీలిద్దాం. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో అతని రోజు మొదలవుతుంది. ఆపై తరగతులు, మళ్లీ స్టడీ అవర్, వారాంతపు పరీక్షలు, రాత్రి చదువు. ప్రవేశ పరీక్షల ఒత్తిడి వల్ల ఆటస్థలానికి వెళ్లే సమయం తగ్గింది. మిగిలిన కాస్త తీరికను సెల్‌ఫోన్ తీసుకొంటున్నది. అతడు రోజులో అధికభాగం కూర్చొనే ఉంటాడు. కాని ఆ కూర్చోవడంలో స్థిరత్వమూ లేదు, సుఖమూ లేదు.

బల్ల మీదికి వంగి కూర్చున్నప్పుడు కటిభాగం వెనుకకు ఒరుగుతుంది. నడుములో సహజంగా ఉండవలసిన లోపలి వంపు చదునవుతుంది. వీపు విల్లులా వంగుతుంది. తల ముందుకు చొచ్చుకొని వస్తుంది. ఆ బరువును మోయడానికి మెడ వెనుక కండరాలు గంటల తరబడి బిగుసుకొని ఉండవలసి వస్తుంది. తొడ వెనుక కండరాలు, తుంటి ముందు కండరాలు చాలాసేపు ముడుచుకొని ఉండి బిరుసెక్కుతాయి. రొమ్ము కుంచించుకొని పోవడం వల్ల ఉదరవితానం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే గొడుగు వంటి కండరం, స్వేచ్ఛగా కిందికి దిగలేదు. ఫలితంగా శ్వాస పైపైనే సాగుతుంది. మెడనొప్పి, నడుంనొప్పి, అలసట, చదువు మీద ధ్యాస నిలవకపోవడం వీటి వెంట వస్తాయి. కూర్చొని చేసే ఆసనాలు సరిగ్గా ఈ లోపాలకే విరుగుడుగా పనిచేస్తాయి.

కొన్ని ముఖ్యమైన ఆసనాలు

సుఖాసనం, స్వస్తికాసనం: కాళ్లను మడిచి, వెన్నును నిటారుగా నిలిపి కూర్చోవడం సుఖాసనం. పాదాలను తొడల, పిక్కల నడుమ ఇమిడ్చితే స్వస్తికాసనమవుతుంది. దేహభారం రెండు పిరుదుల ఎముకల మీద సమానంగా పడుతుంది. వీపుకు ఆనుడు లేకపోవడం వల్ల వెన్నును నిలిపే కండరాలు మెల్లగా బలపడతాయి. ప్రాణాయామానికి, ధ్యానానికి ఇవి అనువైనవి.

పద్మాసనం: కుడి పాదాన్ని ఎడమ తొడ మీద, ఎడమ పాదాన్ని కుడి తొడ మీద ఉంచి కూర్చోవడం పద్మాసనం. ఒకసారి కుదిరితే దేహం కదలకుండా చాలాసేపు నిలుస్తుంది. అయితే ఇది అందరికీ వెంటనే లొంగేది కాదు. తుంటిది బంతి గిన్నె కీలు. అది అన్ని వైపులా తిరుగుతుంది. మోకాలిది ప్రధానంగా మడతబందు కీలు. అది మడవడానికి, చాచడానికి ఏర్పడింది. పద్మాసనానికి కావలసిన మలుపు తుంటి నుంచి రావాలి. తుంటి కదలనప్పుడు పాదాన్ని బలవంతంగా లాగితే ఆ మెలిక మోకాలి మీద పడి దానికి హాని చేస్తుంది.

వజ్రాసనం: మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవడం వజ్రాసనం. ఇందులో వెన్ను నిటారుగా నిలపడం సులభం. భోజనానంతరం కూడా చేయదగిన ఆసనంగా సంప్రదాయం దీనిని పేర్కొంటుంది. తిన్న వెంటనే వాలిపోవడం కంటె నిటారుగా కూర్చోవడం మేలని అందరికీ అనుభవమే. చీలమండలకు, తొడల ముందు కండరాలకు సాగుదల లభిస్తుంది.

దండాసనం, పశ్చిమోత్తానాసనం: కాళ్లు ముందుకు చాచి, దండంలా నిటారుగా కూర్చోవడం దండాసనం. చూడడానికి తేలికగా కనిపించినా తొడ వెనుక కండరాల బిగువును ఇది వెంటనే బయటపెడుతుంది. ఆ స్థితి నుంచి ముందుకు వంగి పాదాలను అందుకొంటే పశ్చిమోత్తానాసనం. సాధకుడు తూర్పుముఖంగా కూర్చుంటే అతని వీపు పడమటి వైపు ఉంటుంది. ఆ పడమటి భాగాన్ని సాగదీసే ఆసనం కనుక దానికా పేరు వచ్చింది. తలను మోకాళ్లకు ఆనించడం దీని లక్ష్యం కాదు. తుంటి దగ్గర వంగడం ముఖ్యం. వీపును గుండ్రంగా చేయడం తప్పు.

బద్ధకోణాసనం: రెండు అరికాళ్లను కలిపి, మోకాళ్లను పక్కలకు వాల్చి కూర్చోవడం బద్ధకోణాసనం. మన ఊళ్లలో చెప్పులు కుట్టేవారు పనివేళ ఇలా కూర్చోవడం చూడవచ్చు. తుంటి కీళ్లకు, తొడల లోపలి కండరాలకు ఇది మంచి సాధన. పద్మాసనాన్ని అభ్యసించదలచినవారు ముందుగా దీనిని కొన్ని నెలలు చేయడం ఉచితం.

అర్ధమత్స్యేంద్రాసనం, గోముఖాసనం: కూర్చొని వెన్నును ఒక పక్కకు తిప్పేది మొదటిది. వెన్నుపూసల మధ్య కదలికను ఇది కాపాడుతుంది. ఒక చేతిని భుజం మీది నుంచి, మరొక చేతిని నడుము పక్క నుంచి వీపు వెనుకకు చేర్చి వేళ్లను కలిపేది రెండవది. గంటల కొద్దీ రాసి బిగిసిన భుజాలకు ఇది ఊరటనిస్తుంది. ఏ ఆసనమైనా ఒక పక్క చేసినంతసేపు రెండవ పక్క కూడా చేయాలి.

ఆధునిక పరిశీలన

యోగం మీద శాస్త్రీయ పరిశోధన భారతదేశంలోనే మొదలైంది. స్వామి కువలయానంద 1924లో లోనావ్లాలో కైవల్యధామాన్ని స్థాపించి, ఆసన ప్రాణాయామాలను ప్రయోగశాలలో పరీక్షించారు. అదే ఏడాది ‘యోగమీమాంస’ అనే పత్రికను ప్రారంభించారు. బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014) కొయ్యదిమ్మలు, పట్టీలు, దుప్పట్లు, కుర్చీలు ఉపయోగించి, దేహం సహకరించనివారికి కూడా ఆసనాలు నేర్పారు. వ్యాసభాష్యంలోని సోపాశ్రయం ఈ విధంగా మరొక రూపంలో మన కాలానికి అందింది.

2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీర్ఘకాలిక నడుంనొప్పికి మందుల కంటె ముందు ప్రయత్నించదగిన పద్ధతులలో యోగాన్ని చేర్చింది. అదే సంవత్సరం కాక్రేన్ సంస్థ 12 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 1,080 మందిని సమీక్షించింది. యోగం వల్ల నడుము పనితీరు కొంత మెరుగుపడుతుందని, ఆ మేలు స్వల్పం నుంచి మధ్యస్థం వరకు ఉంటుందని తేల్చింది. శ్వాస విషయంలో ఇటలీ పరిశోధకులు 2001లో ఆసక్తికరమైన ఫలితాన్ని ప్రకటించారు. 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్ ప్రార్థనను, ఒక యోగమంత్రాన్ని జపింపజేస్తే, రెండు సందర్భాలలోనూ వారి శ్వాస నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా నెమ్మదించింది. గుండె లయ కూడా దానికి అనుకూలంగా మారింది. నిటారుగా కూర్చొని నెమ్మదిగా ఊపిరి తీయమన్న పెద్దల మాటలోని ఆంతర్యం దీనివల్ల కొంత బోధపడుతుంది.

నేల మీద కూర్చొని లేవగల శక్తి మీద బ్రెజిల్ దేశంలో జరిగిన పరిశీలన 2012లో వెలువడింది. 51 నుంచి 80 ఏళ్ల వయస్సు గల 2,002 మందిని సుమారు ఆరేళ్లకు పైగా గమనించారు. చేతులు ఆనించకుండా కూర్చొని లేవగలిగినవారిలో కంటె, అలా లేవలేనివారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. దీనిని బట్టి నేల మీద కూర్చుంటే ఆయుర్దాయం పెరుగుతుందని తీర్మానించకూడదు. కాళ్ల బలం, కీళ్ల కదలిక, తూకం తప్పని నిలకడ ఇవన్నీ ఆ ఒక్క పనిలో కలిసి వ్యక్తమవుతాయని మాత్రమే గ్రహించాలి. అయినా ఆ శక్తిని యౌవనంలోనే పోగొట్టుకోవడం వివేకం కాదు.

ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2014 డిసెంబరు 11న, జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించింది. ఆ తీర్మానాన్ని 177 దేశాలు సహప్రతిపాదకులుగా బలపరిచాయి. 2016లో యునెస్కో యోగాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2025 జూన్ 21న ఈ దినోత్సవ జాతీయ కార్యక్రమం విశాఖపట్నం సముద్రతీరాన జరిగింది. అయితే ఏడాదిలో ఒకనాడు లక్షలమంది మధ్య చేసే ఆసనం కంటె, ప్రతిదినం ఇంట్లో చాప మీద పది నిమిషాలు చేసే ఆసనమే దేహానికి అక్కరకు వస్తుంది.

హద్దులు, జాగ్రత్తలు

యోగానికి మేలు చేయాలనుకొనేవారే కొందరు దానికి లేని మహిమలు అంటగడుతుంటారు. ఫలానా ఆసనం మధుమేహాన్ని రూపుమాపుతుందని, ఫలానా భంగిమ జ్ఞాపకశక్తిని రెట్టింపు చేస్తుందని చెప్పే మాటలను విద్యార్థులు నమ్మరాదు. ఆసనం వైద్యానికి తోడు కాగలదు. దానికి బదులు కాలేదు. పరీక్షలో మార్కులు తెచ్చేది చదువే. నొప్పి లేని వెన్ను, తొందర లేని శ్వాస ఆ చదువుకు సహాయపడతాయి.

కూర్చొని చేసే ఆసనాలు పరుగుకు, ఆటలకు ప్రత్యామ్నాయం కూడా కావు. 5 నుంచి 17 ఏళ్ల వయస్సువారు సగటున రోజుకు 60 నిమిషాలు, గుండె వేగం పెరిగే స్థాయిలో శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడాన్ని తగ్గించాలని కూడా చెప్పింది. ఎంత మంచి ఆసనమైనా గంటల తరబడి ఒకే తీరుగా ఉండడం హితం కాదు.

దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1971లో అమెరికా వైద్యపత్రిక ఒకటి ఒక కళాశాల విద్యార్థి ఉదంతాన్ని ప్రచురించింది. ఆరోగ్యవంతుడైన ఆ యువకుడు మడమల మీద గంటల తరబడి కూర్చొని జపం చేసేవాడు. మోకాలి వెలుపలి పక్క నుంచి పాదానికి వెళ్లే నాడి నలిగి, పాదాన్ని పైకి లేపే శక్తి అతనిలో సన్నగిల్లింది. కాలు తిమ్మిరెక్కడం నాడి ఇచ్చే హెచ్చరిక. దానిని ఓర్పుతో భరించడం తపస్సు కాదు, అజ్ఞానం. స్థిరత్వంతో పాటు సుఖాన్ని కూడా పతంజలి ఎందుకు లక్షణంగా చెప్పాడో ఈ ఉదంతం వల్ల తెలుస్తుంది.

మోకాలి దెబ్బలు, వెన్నుపూసల మధ్య బిళ్ల జారిన బాధ ఉన్నవారు, శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా కొత్త ఆసనాలు మొదలుపెట్టకూడదు. తోటివారిని చూసి అత్యుత్సాహంతో పోటీ పడకూడదు. సాగుతున్నట్లు తోచడం సహజం. పోటులాంటి నొప్పి కలగడం ప్రమాదసూచకం.

విద్యార్థికి తగిన అభ్యాసక్రమం

ఆసనాభ్యాసానికి ఖర్చు లేదు. గాలి ఆడే చోటు, ఒక చాప లేదా జంపఖానా, వదులైన దుస్తులు చాలు. ఉదయం కడుపు ఖాళీగా ఉన్నప్పుడు చేయడం మంచిది. మొదట దండాసనంలో ఒక నిమిషం కూర్చోవాలి. తరవాత బద్ధకోణాసనం, అర్ధమత్స్యేంద్రాసనం, గోముఖాసనం ఒక్కొక్కటి రెండు పక్కలా సరిచూసుకొంటూ చేయాలి. ఆపై పశ్చిమోత్తానాసనంలో అందినంత మేరకు వంగాలి. చివర సుఖాసనంలో ఐదు నిమిషాలు కూర్చొని, నెమ్మదిగా ఊపిరి తీస్తూ, వదులుతూ ఉండాలి. కాళ్లు మడిచినప్పుడు మోకాళ్లు తుంటి కంటె ఎత్తుగా ఉంటే వీపు వంగిపోతుంది. అప్పుడు మడిచిన దుప్పటిని పిరుదుల కింద ఉంచుకొంటే నడుము తనంతట తానే నిలబడుతుంది. నేల మీద కూర్చోలేనివారు కుర్చీ అంచున, పాదాలు నేలకు ఆనేటట్లు, వెన్ను నిలిపి కూర్చొని శ్వాసాభ్యాసం చేయవచ్చు.

చదువుకొనే వేళ అరగంటకు ఒకసారి లేచి నాలుగడుగులు వేయాలి. పుస్తకాన్ని కంటికి ఎత్తుగా ఉండేటట్లు అమర్చుకోవాలి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతయ్య, అమ్మమ్మల పక్కన నేల మీద కూర్చొని భోజనం చేయాలి. వారు ఏ యోగశాలకూ వెళ్లకుండానే నేర్చుకొన్న విద్య అది.

ఆసనం చిత్రపటానికి పోజు కాదు; పోటీలో గెలిచే పతకమూ కాదు. దేహాన్ని ఒకచోట నిలిపితే శ్వాస నిలకడ పొందుతుంది. శ్వాస నిలకడ పొందితే మనస్సు కుదుటపడుతుంది. కుదుటపడిన మనస్సుతో చదివిన పది వాక్యాలు, చెదరిన మనస్సుతో చదివిన పది పుటల కంటె ఎక్కువ కాలం నిలుస్తాయి. రోజుకు పది పన్నెండు గంటలు కూర్చోక తప్పని విద్యార్థి, ఎలా కూర్చోవాలో నేర్చుకోవడానికి పది నిమిషాలు వెచ్చించడం న్యాయం.

కఠిన పదాలు – అర్థాలు

స్ఫురించు = తోచు
ద్వంద్వాలు = సుఖదుఃఖాలు, శీతోష్ణాలు వంటి జంటలు
భాష్యం = సూత్రాలకు విపులమైన వ్యాఖ్య
ప్రాకారం = ప్రహరి గోడ
కుడ్యం = గోడ
అపక్వం = పక్వం కానిది, పచ్చిది
ఉదంతం = వృత్తాంతం
ఆంతర్యం = లోపలి భావం

అభ్యాసం

I. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పతంజలి ఆసనానికి చెప్పిన రెండు లక్షణాలు ఏవి?
2. ‘నవనాథ చరిత్ర’ను రచించిన కవి ఎవరు?
3. ‘సోపాశ్రయం’ అంటే ఏమిటి?
4. కైవల్యధామాన్ని ఎవరు, ఎప్పుడు స్థాపించారు?

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పశ్చిమోత్తానాసనానికి ఆ పేరు ఎలా వచ్చింది?
2. పద్మాసనాన్ని బలవంతంగా వేయకూడదనడానికి కారణమేమిటి?
3. బ్రెజిల్ పరిశీలన నుంచి గ్రహించవలసినదేమిటి? గ్రహించకూడనిదేమిటి?

III. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వంగి కూర్చోవడం వల్ల కలిగే కీడును, కూర్చొని చేసే ఆసనాలు దానిని తొలగించే విధానాన్ని వివరించండి.
2. ‘స్థిరత్వం, సుఖం రెండూ కలిసినప్పుడే ఆసనం’ అనే భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. కాలు తిమ్మిరెక్కడం నాడి ఇచ్చే హెచ్చరిక.
2. ఆసనం వైద్యానికి తోడు కాగలదు. దానికి బదులు కాలేదు.

V. భాషాంశాలు
సంధులు: వజ్ర + ఆసనం = వజ్రాసనం (సవర్ణదీర్ఘ సంధి); పశ్చిమ + ఉత్తానం = పశ్చిమోత్తానం (గుణసంధి); అతి + ఉత్సాహం = అత్యుత్సాహం (యణాదేశ సంధి).
సమాసాలు: యోగపట్టం – యోగం కొరకు పట్టం (చతుర్థీ తత్పురుష), గోముఖం – గోవు యొక్క ముఖం (షష్ఠీ తత్పురుష), అపక్వం – పక్వం కానిది (నఞ్ తత్పురుష).

VI. చేయండి
మీ ఇంట్లోని పెద్దవారిని అడిగి, వారి చిన్నతనంలో నేల మీద కూర్చొని చేసిన పనుల పట్టిక తయారుచేయండి. మీ ప్రాంతంలో కూర్చునే తీరులను తెలిపే పలుకుబళ్లను సేకరించి తరగతిలో చదివి వినిపించండి.